ఆర్డర్ మీకు, వార్నింగ్ మీ కుక్కకి

కాలిఫోర్నియాలో కుక్కగా పుట్టాలంటే పూర్వజన్మ సుకృతం ఉండాలి. పగలు గడపడానికి డేకేర్, ఆ డేకేర్‌లో కెమెరా, ఆ కెమెరాను ఆఫీసు మీటింగులో టేబుల్ కింద ఫోన్ పెట్టుకుని చూసి మురిసిపోయే అమ్మానాన్నలు. జబ్బు చేస్తే ఇన్సూరెన్సు, పుట్టినరోజుకి కేకు, హాలోవీన్‌కి వేషం. మన తెలుగువాళ్ల ఇంట్లో అయితే సంక్రాంతికి మెడలో జరీ కండువా అదనం. షికారుకి తోపుడు బండి ఉండనే ఉంది. నాలుగు కాళ్లున్న జీవానికి నాలుగు చక్రాలెందుకని అడిగితే, మీకు ప్రేమంటే తెలియదంటారు. పెంపుడు జంతువుల మీద అమెరికా 2024లో దాదాపు 15,000 కోట్ల డాలర్లు ఖర్చు పెట్టిందని ఆ వ్యాపారుల సంఘమే లెక్కగట్టి చెప్పింది.

ఇంత వైభోగంలోనూ ఒక్క ప్రశ్నకు మాత్రం ఇంట్లో ఎవరి దగ్గరా జవాబు ఉండదు. కొండ మీద నిప్పు లేస్తే ఈ మహారాజుని ఎవరు ఎత్తుకోవాలి, దేంట్లో పెట్టాలి, ఎక్కడికి తీసుకెళ్లాలి?

"అప్పటికప్పుడు చూసుకుందాం లెండి."

అప్పటికప్పుడు చూసుకున్న ఊళ్లు ఉన్నాయి. కొలరాడోలో బౌల్డర్ దగ్గర సుపీరియర్, లూయీవిల్. అడవిలో విసిరేసినట్టుండే పల్లెలు కావవి. కాస్ట్‌కో, హోటళ్లు, పిల్లల పార్కులు ఉన్న నికార్సైన మధ్యతరగతి ఊళ్లు. 2021 డిసెంబరు 30న పట్టపగలు, గంటకు 100 మైళ్లు దాటి వీచిన గాలిలో పక్కనున్న గడ్డి మైదానం అంటుకుంది. కొన్ని గంటల్లో 1,000కి పైగా ఇళ్లు బూడిదయ్యాయి. ఇద్దరు మనుషులు చనిపోయారు. కుక్కలు, పిల్లులు, ఇతర పెంపుడు జీవాలు వెయ్యికి పైనే పోయి ఉంటాయని తర్వాత అంచనా కట్టారు. ఇద్దరెక్కడ, వెయ్యెక్కడ? కారణం మిస్టరీ ఏమీ కాదు. మనుషులు ఆఫీసుల్లో, దుకాణాల్లో, సెలవు ప్రయాణాల్లో ఉన్నారు. జంతువులు తాళం వేసిన ఇళ్లలో ఉన్నాయి. తిరిగొచ్చేసరికి దారులు మూసేశారు. కాలింగ్ బెల్‌కి కెమెరా ఉంది, తలుపు తియ్యడానికి మనిషి లేడు.

పక్కింటివాళ్లకి ఒక తాళంచెవి ఇచ్చి ఉంటే ఆ వెయ్యిలో ఎన్ని బతికేవో. కానీ పక్కింటివాళ్ల పేరు తెలిస్తే కదా. వాళ్ల కుక్క పేరు తెలుసు, బడ్డీ.

ఇక కాలిఫోర్నియా సంగతి. ఇక్కడి ప్రభుత్వాన్ని తిట్టడానికి కారణాలు కావలసినన్ని ఉన్నాయి, కాసేపట్లో తిడతాను. ఒక్క విషయంలో మాత్రం, హెచ్చరికల మాటలు రాసిన గుమాస్తా ఎవరోగానీ చేతులెత్తి దండం పెట్టాలి. మంటలొచ్చినప్పుడు రెండు రకాల ప్రకటనలుంటాయి. ఎవాక్యుయేషన్ ఆర్డర్ అంటే ప్రాణం మీదికొచ్చింది, ఈ క్షణమే కదలండి, ఇకమీదట ఈ ప్రాంతంలోకి ఎవరినీ రానివ్వం అని. ఎవాక్యుయేషన్ వార్నింగ్ అంటే ముప్పు రావచ్చు అని. ఇంతవరకు అందరికీ తెలుసు. వార్నింగ్ నిర్వచనంలో రెండో వాక్యం ఒకటుంది, దాన్ని ఎవరూ చదవరు. కదలడానికి ఎక్కువ సమయం పట్టేవాళ్లు, పెంపుడు జంతువులూ పశువులూ ఉన్నవాళ్లు ఇప్పుడే బయలుదేరాలి అన్నదే ఆ వాక్యం సారాంశం. అంటే కుక్క ఉన్న ఇంటికి వార్నింగే ఆర్డర్. మిగతావాళ్లకంటే ముందు మీకు దారి వదులుతున్నారన్నమాట. విమానం ఎక్కేటప్పుడు మొదటి వరుస పిలుపు కోసం మెడలు నిక్కించుకుని గేటు దగ్గర నిలబడే జాతి మనది. ఈ పిలుపొస్తే మాత్రం కదలం.

మరి వార్నింగ్ వచ్చిన ఆ రెండు మూడు గంటల్లో సదరు గృహస్థు ఏం చేస్తాడు? ముందు కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపులో "మనకి వస్తుందంటారా?" అని అడుగుతాడు. అక్కడ ఎవరో ఓటింగు పెడతారు. వస్తుందని 14 మంది, రాదని 31 మంది. మంటల్ని తోలుకొచ్చే శాంటా ఆనా గాలి ఈ ఫలితం చూసి దిశ మార్చుకుంటుందని ధీమా. తర్వాత పెరట్లోకి వెళ్లి నారింజరంగు ఆకాశాన్ని ఫొటో తీస్తాడు. పాస్‌పోర్టులు, వీసా తాలూకు ఐ-797 కాగితాలు, బ్యాంకు లాకర్లో పెట్టకుండా బద్ధకించిన బంగారం, మామగారు తెచ్చిన ఆవకాయ, అన్నీ సూట్‌కేసులోకి ఎక్కుతాయి.

ఆ సూట్‌కేసుని పిల్లి చూస్తుంది. సూట్‌కేసు అంటే ఏమిటో పిల్లికి తెలుసు. పెద్దమంచం కింద, నాలుగు వైపుల నుంచీ ఏ చెయ్యీ అందని నట్టనడిమికి చేరుతుంది. ఇంట్లో విపత్తు ప్రణాళిక ఉన్నది దానికొక్కదానికే.

ఆర్డర్ వచ్చాక మొదలవుతుంది అసలు నాటకం. క్రేటు ఏదీ? గరాజ్ అటక మీద, క్రిస్మస్ చెట్టు డబ్బా కింద, రెండు ముక్కలుగా. బోల్టులు ఏవీ? ఎప్పుడో ఐకియా కుర్చీకి వాడేశారు. క్రేటు కొన్న రోజున పిల్లిని అందులో తోసి పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లి సూది వేయించారు. ఆ తర్వాత మళ్లీ ఎప్పుడూ దించలేదు. దాని జ్ఞాపకంలో క్రేటంటే సూది. ఏడాది పొడుగునా ఆ డబ్బాను హాల్లో ఒక మూల తెరిచి పెట్టి, వారానికోసారి అందులో నాలుగు గింజలు తిండి వేస్తే అదే వెళ్లి పడుకునేది. హాల్లో డబ్బా పెడితే ఇంటీరియర్ పాడవుతుందిట. ఇప్పుడు ఇంటీరియర్‌తో సహా పోతోంది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. వార్నింగే రానివాళ్లూ ఉన్నారు. 2025 జనవరి 7 సాయంత్రం లాస్ ఏంజెలెస్ కౌంటీలో ఈటన్ కాన్యన్ దగ్గర నిప్పు లేచింది. ఆల్టడీనా ఊరి తూర్పు భాగానికి కబురు త్వరగానే అందింది. పడమటి భాగానికి ఆర్డర్ వచ్చింది మర్నాడు తెల్లవారుజామున మూడు గంటలు దాటాక. అప్పటికి ఆ వీధుల్లో మంటలు తమ మానాన తాము తిరుగుతున్నాయి. ఈటన్ మంటల్లో చనిపోయినవాళ్లు దాదాపు అందరూ ఆ పడమటివైపు వాళ్లే. ఈ పాపానికి ప్రాయశ్చిత్తమా అన్నట్టు, జనవరి 9న అదే కౌంటీ పొరపాటున కోటి మంది జనాభాకీ ఒకేసారి "సిద్ధంగా ఉండండి" అని అలర్టు పంపింది. కాలుతున్నవాళ్లకి పంపలేదు, కాలనివాళ్లందరికీ పంపింది. కౌంటీవారి సమదృష్టి అలాంటిది. కనుక ఫోను మోగేదాకా ఆగుదాం అనుకునేవాళ్లు ఆల్టడీనా పడమటి వీధుల్ని గుర్తుపెట్టుకోవడం మంచిది. మంటలకి అనువైన వాతావరణమని చెప్పే ఎర్రజెండా హెచ్చరిక ఉన్న రోజున, రాత్రి గాలి కిటికీలు కొడుతున్నప్పుడు, మెడపట్టీ తాడూ మంచం పక్కన ఉండాలి. బీరువాలో కాదు.

ఫోను మోగడం అన్నాను కాబట్టి మన ఇళ్లలోకి వద్దాం. భార్యాభర్తలిద్దరూ శాన్ హోసేలో ఆఫీసుకి. ఇంట్లో గుంటూరు నుంచి ఆరునెలల వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు. మనవణ్ణి చూసుకోవడానికని తీసుకొచ్చారు, వాడు బడికి వెళ్లడం మొదలెట్టాక కోకోని చూసుకుంటున్నారు. కోకో అంటే 35 కిలోల లాబ్రడార్. నాన్నగారి ఫోనులో ఇండియా సిమ్ము, ఇంటి వైఫై. ఆ అలర్టులు సెల్ టవర్ నుంచి వస్తాయి, వైఫై మీద బతికే ఫోనుకి రావు. కాబట్టి అలర్టు కొడుకు ఫోనులో, నలభై మైళ్ల అవతల మోగుతుంది.

"నాన్నా, కంగారు పడకండి. కోకోని కార్లో ఎక్కించుకుని బయలుదేరండి."

"ఏ కార్రా? రెండూ మీ దగ్గరే ఉన్నాయిగా."

"ఊబర్ బుక్ చేస్తా."

"వాడు కుక్కని ఎక్కించుకుంటాడా?"

"అడుగుతా నాన్నా."

"అడుగు. ఈలోపు మమ్మల్ని ఎక్కించుకుంటాడో లేదో కూడా అడుగు."

ఆ ఇంటికి మూడు కెమెరాలున్నాయి, ఆ వీధిలో ఎదురింటి అవ్వకి ఒక కారుంది. ఆవిడతో ఏడాదికోసారి చెయ్యి ఊపడం తప్ప మాటల్లేవు. అమెరికాలో ఒకరి ప్రైవసీకి ఒకరం భంగం కలిగించకూడదు కదా.

ఇప్పుడు ప్రభుత్వాన్ని తిట్టే ఘట్టం. 2005లో కత్రీనా తుపాను వచ్చినప్పుడు న్యూ ఆర్లీన్స్‌లో జనాన్ని బస్సులెక్కిస్తూ ఒక పిల్లాడి చేతిలోంచి అతని తెల్ల కుక్కపిల్లని లాక్కున్నారు. స్నోబాల్ దాని పేరు. ఆ కుర్రాడి ఏడుపు వార్తల్లోకెక్కి దేశమంతా విన్నది. జంతువుని వదలలేక ఇల్లు కదలని మనుషులు ఎంతోమంది ఉన్నారని అప్పటికి గాని ఏలినవారికి తట్టలేదు. 2006 అక్టోబరులో పెట్స్ చట్టం వచ్చింది. రాష్ట్రాలూ స్థానిక ప్రభుత్వాలూ తమ విపత్తు ప్రణాళికల్లో పెంపుడు జంతువులున్నవాళ్ల సంగతి కూడా రాయాలంది. మంచిదే. తర్వాత కేంద్ర ప్రభుత్వ విపత్తు సంస్థ ఫీమావారు కూర్చుని, పెంపుడు జంతువంటే ఏమిటో తేల్చారు. కుక్క, పిల్లి, పక్షి, కుందేలు, ఎలుక జాతి, తాబేలు ఉన్నాయి. పాకే జాతి లేదు, తాబేలు తప్ప. కప్పలు లేవు, చేపలు లేవు, పురుగులూ సాలెపురుగులూ లేవు. పొలం జంతువులు లేవు, గుర్రంతో సహా. పందేల కోసం పెంచేవి అసలే లేవు.

తాబేలుకి ఎవరి సిఫార్సు ఉందో తెలియదు. విపత్తులో నిదానంగా కదిలేవాళ్లకి ప్రాధాన్యమన్న సూత్రం ఒక్క దాని విషయంలోనే అక్షరాలా అమలైంది.

సాలెపురుగు సంగతి వదిలేద్దాం, దానికోసం ఎవరూ కన్నీళ్లు పెట్టరు. గుర్రం మాట వదలలేం. 2017 డిసెంబరులో శాన్ డియాగో కౌంటీలో లైలాక్ మంటలు బాన్సాల్ దగ్గర శాన్ లూయిస్ రే డౌన్స్ అనే పందెం గుర్రాల శిక్షణకేంద్రం మీద పడ్డాయి. అక్కడ వందలాది గుర్రాలున్నాయి. మంట కొట్టం కప్పులు పట్టుకున్నాక, ట్రెయిలర్లు ఎక్కించే వ్యవధి లేక, వాటిని చూసుకునే పనివాళ్లూ శిక్షకులూ తలుపులు తెరిచి విడిచిపెట్టారు. కాలిన చేతులతో తెరిచినవాళ్లూ ఉన్నారు. 46 గుర్రాలు చచ్చిపోయాయి. భయపడ్డ గుర్రం తనకు తెలిసిన చోటికే పరిగెడుతుంది, తనకు తెలిసిన చోటు ఆ కొట్టమే. వాటిలో కొన్నిటి ఖరీదు లక్షల డాలర్లు, వాటి మీద పందేలు కాసినవాళ్లు ఎందరో, కానీ సర్కారు నిర్వచనం ప్రకారం అవి పెంపుడు జంతువులు కావు. వాటి గడ్డీ గాదం చూసే మెక్సికో కూలీకి ఈ నిర్వచనం ఎవరూ చదివి వినిపించలేదు కాబట్టి అతను తలుపులు తెరిచాడు.

సొంత గుర్రాలున్న దొరల సంగతి వేరు. పాతికవేల డాలర్ల గుర్రం ఉంటుంది, ట్రెయిలర్ ఎక్కడం దానికి ఎవరూ నేర్పి ఉండరు. ముఖానికి నైలాన్ కళ్లెం వేసి ఉంచుతారు, వేడికి అది కరిగి చర్మానికి అంటుకుంటుంది. తోలుదో నూలుదో ఉంచండని పశువైద్యులు ఎప్పటినుంచో మొత్తుకుంటున్నారు. నైలాన్‌లో గులాబీరంగు దొరుకుతుందని దాన్నే కొంటారు. 2018లో వూల్సీ మంటలొచ్చినప్పుడు మాలిబు దగ్గర జూమా బీచ్‌లో గుర్రాల్నీ లామాల్నీ ఇసకలో కట్టేసిన ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. ఎంత అందమైన ఫొటోలని జనం మెచ్చుకున్నారు. వేరే చోటు లేక సముద్రంలోకి తోలినంత పని అయిందని ఎవరూ అనలేదు.

ఇక సాంకేతిక విజ్ఞానం మీద మనకున్న భక్తి గురించి. "మా వాడికి మైక్రోచిప్ ఉందండీ, ఎక్కడికెళ్లినా తెలిసిపోతుంది" అని ఒక ఇంజినీరే చెప్పగా విన్నాను. మెడ దగ్గర చర్మం కింద వేసే ఆ చిప్పు బియ్యపుగింజంత ఉంటుంది. దానికి బ్యాటరీ లేదు, ఉపగ్రహంతో చుట్టరికం లేదు. షెల్టర్‌లో ఎవరో స్కానర్ దగ్గరగా పెడితే ఒక నంబరు చూపిస్తుంది, అంతే. ఆ నంబరు ఏ కంపెనీ పట్టికలో ఉందో, అందులో మీ పేరున ఏ ఫోను నంబరు రాసి ఉందో దాని మీదే ఆధారమంతా. అక్కడ ఉండేది అమ్మినవాడి నంబరు, లేదా మూడు ఫోన్ల కిందటి మీ నంబరు, లేదా మాజీ భర్త నంబరు. భార్యాభర్తలు విడిపోయి నాలుగేళ్లయినా చిప్పు మాత్రం ఇంకా విడాకులు తీసుకోదు.

తలుపుకి అంటించే స్టిక్కరు ఇంకో విశేషం. "లోపల మా పిల్లలున్నారు, దయచేసి కాపాడండి: కుక్కలు 2, పిల్లి 1." ఆ కుక్కల్లో ఒకటి మూడేళ్ల కిందట కాలం చేసింది. స్టిక్కరులో మాత్రం చిరంజీవి. దాని కోసం ఏ ఫైర్‌మన్ అయినా పొగలోకి వెళ్తే పాపం ఎవరిది? ఇంట్లోంచి జంతువుల్ని తీసుకుని వెళ్లిపోయేటప్పుడు ఆ స్టిక్కరు మీద అడ్డంగా ఖాళీ అని రాసి వెళ్లాలని పంచినవాళ్లే చెబుతారు. అందుకొక పెన్ను కావాలి. పెన్ను ఆవకాయతో పాటు సూట్‌కేసులో ఉంటుంది.

మంటలు ఆరాక వచ్చేవాళ్ల కథ వేరు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట వెనకటికి ఒకడు. ఇప్పుడు ఆ పెద్దమనిషి అపార్ట్‌మెంట్లు అద్దెకిస్తున్నాడు. అత్యవసర పరిస్థితి ప్రకటించాక అద్దె 10 శాతానికి మించి పెంచకూడదని కాలిఫోర్నియాలో చట్టముంది. దాన్ని దాటడానికి తలుపులు వెతుకుతాడు. కుక్క ఉందా? అయితే కుక్కకి విడిగా డిపాజిట్, విడిగా నెల అద్దె. జాతి ఏది, బరువెంత, మొరుగుతుందా? కట్టుబట్టలతో మిగిలినవాడి దగ్గర ఆ వివరాలన్నీ ఉండాలి. 2018లో పారడైజ్ ఊరు కాలిపోయాక దగ్గర్లోని చీకోలో వాల్‌మార్ట్ పార్కింగు స్థలంలో జనం గుడారాలు వేసుకుని, కార్లలో ముడుచుకుని పడుకున్నారు. షెల్టర్లలో జంతువుల్ని పక్కన ఉంచుకోనివ్వరని అక్కడే ఉండిపోయినవాళ్లూ వాళ్లలో ఉన్నారు. ఊళ్లో ఏర్పాటు చేసే షెల్టర్లలో కనీసం ఒకటి జంతువులున్నవాళ్లని కూడా తీసుకునేలా ఉండాలని రాష్ట్రం చట్టం చేసింది 2023లో. కత్రీనాకీ దీనికీ నడుమ పద్దెనిమిదేళ్లు. తాబేలుకి ప్రాధాన్యమని ముందే చెప్పుకున్నాం.

పత్రికలకి కావలసింది అద్భుతాలు. 2017లో సోనోమా కౌంటీలో టబ్స్ మంటలప్పుడు ఓడిన్ అనే కాపలా కుక్క తన మేకల్ని వదిలి కారెక్కనంది. ఇంటివాళ్లు గత్యంతరం లేక వదిలి వెళ్లారు. తిరిగొచ్చేసరికి పాదాలు కాలి, మీసాలు మాడి, మేకలన్నిటినీ కాపాడుకుని నిలబడి ఉంది. ఆ కుక్కకి శతకోటి వందనాలు. లాస్ ఏంజెలెస్‌లో పాలిసేడ్స్ మంటల తర్వాత రెండు నెలలకి దొరికిన పిల్లికీ వందనాలు. కానీ ఈ కథలు చదివిన ప్రతివాడూ "చూశావా, జంతువులకి తెలుస్తుంది" అని నిశ్చింతగా పేజీ తిప్పేస్తాడు. తాడుతో కట్టేసి వదిలిన కుక్కకీ, బోనులో ఉన్న చిలుకకీ ఏం తెలిసినా ఏం లాభం? చిలుక మంట దాకా కూడా ఆగదు, మనకి గొంతు గరగరలాడే పొగే దాని ఊపిరితిత్తులకి చాలు.

అలా పోయినవి ఎన్ని? రాష్ట్ర అగ్నిమాపక శాఖ కాల్ ఫైర్ పట్టికలో కూలిన కట్టడాలకి గడి ఉంది, చనిపోయిన మనుషులకి గడి ఉంది. పెరటి మూలన ఉన్న కాస్త పెద్ద షెడ్డు కాలినా లెక్కలోకి వస్తుంది. కుక్కకి గడి లేదు. పారడైజ్‌ని తగలబెట్టిన కరెంటు తీగల కంపెనీ పీజీఅండ్‌ఈ 2020లో కోర్టులో 84 మంది మనుషుల మరణాలకి నేరం ఒప్పుకుంది. జంతువుల మాట ఎవరూ అడగలేదు, అది చెప్పలేదు. నెలకి ఇన్ని డాలర్లని డేకేర్ బిల్లులో, సెంటుతో సహా లెక్క తేలే జీవి, చచ్చాక ఏ లెక్కలోనూ లేదు.

సర్కారుకి ఎప్పుడు బుద్ధొస్తుందో నాకు తెలియదు, దాని కోసం మీ పిల్లి ఆగలేదు. అందుకని తోపుడు బండి కొన్న అయ్యలారా, కండువా కప్పిన అమ్మలారా, అటక మీది క్రేటు ఈ ఆదివారం దించండి. ఎదురింటి అవ్వ దగ్గరికి నాలుగు అరిసెలు పట్టుకెళ్లి, ఒక తాళంచెవి ఇచ్చి, కోకోని ఆవిడకి పరిచయం చెయ్యండి. అమ్మానాన్నలకి ఇక్కడి సిమ్ము కొనిపెట్టండి. వార్నింగ్ వచ్చిన రోజున ఓటింగు పెట్టకుండా బయలుదేరండి. చిప్పు కంపెనీ పట్టికలో మీ ఇప్పటి ఫోను నంబరు ఉందో లేదో ఈ పత్రిక కింద పెట్టకముందే చూడండి. చిప్పు ఉండి కూడా యజమాని దొరక్క షెల్టర్లలో మిగిలిపోయే జంతువుల విషయంలో మొదటి కారణం ఆ తప్పు నంబరే.